కుడి కుర్చీ ఫొటో

మేమిద్దరం కవలలం. అన్న ముందు పుట్టాడు, నేను వెనక పుట్టాను. మధ్యలో ఎంతసేపు పట్టిందో అమ్మకే సరిగా గుర్తులేదు గానీ, ఆ కాస్తసేపే వాణ్ణి పెద్దవాణ్ణి చేసింది, నన్ను రెండోవాణ్ణి చేసింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ మాట కనిపెట్టినవాడికి కవల అన్న ఉండి ఉండడు.

చిన్నప్పుడు మమ్మల్ని గుర్తుపట్టడం అమ్మకే కష్టమయ్యేదట. ఒకడికే రెండుసార్లు అన్నం పెట్టి, రెండోవాణ్ణి పస్తు పడుకోబెట్టిన రోజులున్నాయట. పస్తు పడుకున్నది ఎవరో వేరే చెప్పాలా? చివరికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. తల దువ్వేటప్పుడు అన్నకి ఎడమవైపు పాపిడి తీసేది, నాకు కుడివైపు తీసేది. ఆ పాపిళ్లు అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఇద్దరికీ జుట్టు పల్చబడింది, పొట్టలు వచ్చాయి, పళ్లు కదులుతున్నాయి. అన్నీ జమిలిగానే వచ్చాయి. తేడా పాపిడి ఒక్కటే.

నాన్న మంచం పట్టినప్పుడు సెలూన్ నడపడానికి ఇద్దర్లో ఒకణ్ణి బడి మాన్పించాల్సి వచ్చింది. నన్ను మాన్పించారు. ఇద్దర్లోంచి ఏరి నన్ను తీసుకోవడం అదొక్కసారే జరిగింది. అన్న ఇంకో రెండేళ్లు చదివి, తప్పి, వాడూ కత్తెర పట్టాడు. కానీ ఆ రెండేళ్ల చదువు వాడి నాలుక మీద ఇంకా ఉంది. పేపరు పైకి చదువుతాడు. గిరాకీలకి రాజకీయాలు చెబుతాడు. తప్పినవాడికి అంత చదువు ఎక్కడిదని ఎవరూ అడగరు.

సెలూన్ సంగతి చెప్పాలి. తలుపు తీసుకుని లోపలికి వస్తే ఎదురుగా గోడ పొడుగునా ఒకటే అద్దం. అద్దం కింద పొడుగాటి చెక్క, దాని మీద సామాను. అద్దం ముందు రెండు కుర్చీలు. ఎడమవైపుది నాన్న కుర్చీ. నేను ఎంత ముందు వచ్చి పనిలో చేరినా, అది పెద్దకొడుకు కోసం ఆగింది. కుడివైపుది నాది. తలుపు పక్కన ఖాళీ గోడ, దాన్ని ఆనుకుని కూర్చునే బల్ల. అంతే.

మాకు పేర్లున్నాయని ఊళ్లో చాలామందికి తెలియదు. వాడు ఎడమ కుర్చీ, నేను కుడి కుర్చీ.

"ఎడమ కుర్చీకి టైం పడుతుందా?"

"పడుతుంది. కుడి కుర్చీ ఖాళీయే."

"సరే, పర్లేదులే. కూర్చుంటా."

ఈ 'పర్లేదులే' నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్న పాట.

ఇలా ఉండగా ఒకరోజు ఒక అమ్మాయి కెమెరా సంచీ భుజాన వేసుకుని వచ్చింది. మగవాళ్లు తప్ప రాని కొట్టు. బల్ల మీద కూర్చున్న ప్లీడరు గుమాస్తా తన కాళ్లు తనే సర్దుకున్నాడు.

"ఫొటోలు తీస్తానండీ. పనిచేసేవాళ్లవి, వాళ్ల చోట్లోనే" అంది ఆ అమ్మాయి. "మనిషొక్కణ్ణే కాదు. ఆయన చుట్టూ ఉన్నవాటితో సహా. టౌన్‌హాల్లో పెద్దవి చేసి పెడతాం."

"మరి స్టూడియోకి రమ్మనాలిగా? అక్కడైతే వెనకాల కొండలూ నెమళ్లూ ఉంటాయి" అన్నాడు అన్న.

"మీ వెనకాల మీ కొట్టే ఉండాలండీ."

"ఈ కొట్టా? పెచ్చులూడిన గోడా?"

"అదే కావాలి."

అన్న అద్దంలోంచి నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. మేం మాట్లాడుకునేది అద్దంలోనే. పక్కపక్కన నిలబడి పని చేసేవాళ్లం, మెడ తిప్పితే కత్తెర తప్పుతుంది. గిరాకీ కూడా అంతే. కుర్చీలో కూర్చున్నాక వాడు నన్ను చూసేది అద్దంలోనే, నేను వాణ్ణి చూసేది అద్దంలోనే. ముప్పై ఏళ్ల పరిచయమున్నవాళ్లు కూడా బయట రోడ్డు మీద ఎదురుపడితే ఒక్క క్షణం తడబడతారు. వేషం తీసేసిన నాటకంవాడిలా కనిపిస్తాను కాబోలు.

ముందు అన్నని తీసింది. ఎవరు ముందో అడగాల్సిన పనేముంది? వాడు మొహం కడుక్కుని, పౌడరు రాసుకుని, తెల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, కత్తెర గాల్లోకి ఎత్తి నిలబడ్డాడు. ఆ కత్తెరతో ఆకాశానికి క్రాపు చేస్తాడేమో అనిపించింది.

"ఊరికే నిలబడండి చాలు" అందా అమ్మాయి.

"ఊరికే నిలబడితే పని చేసేవాడినని ఎలా తెలుస్తుందమ్మా?"

వాడి ఫొటో అయ్యాక, వాడు గుమాస్తాని వెంటబెట్టుకుని టీ తాగడానికి వెళ్లాడు. ఫొటో తీయించుకోవడం చాలా శ్రమ కదా. కొట్లో నేనూ ఆ అమ్మాయీ మిగిలాం.

అద్దం వైపు తీస్తే కెమెరా కూడా పడుతుందని, ఆ అమ్మాయి నా సామాను పక్కకి జరిపి, అద్దానికి వీపు ఆనించి ఆ చెక్క మీదే ఎక్కి కూర్చుంది. నేను నా కుర్చీ వెనకాల నిలబడ్డాను. కుర్చీ వీపు మీద తువ్వాలు. నాకు వెనకాల తలుపు, రోడ్డు.

"ఎటు చూడాలమ్మా?"

"నన్నే చూడండి."

"మిమ్మల్నా?"

నాకు చెమటలు పట్టాయి. మనిషిని అలా సూటిగా చూడటం నాకు చేతకాదు. చూపు దానంతటదే ఆ అమ్మాయి భుజం పక్కనుంచి అద్దంలోకి జారిపోతోంది. నేనెలా ఉన్నానో చూసుకుందామంటే ఆ అమ్మాయి సరిగ్గా నా మొహం ఉండాల్సిన చోట కూర్చుంది.

"అద్దం వైపు చూడకండి."

"అలవాటమ్మా."

"మీ ఇద్దరూ అచ్చు గుద్దినట్టున్నారండీ. ఒక్కటే అనుకుంటారు అందరూ."

"ఒకటి కాదమ్మా, రెండు" అన్నాను. "వాడు ఒకటి. నేను రెండు."

ఆ మాట నవ్వుతూ అనలేదు. ఎందుకన్నానో కూడా తెలియదు. అప్పుడే టక్కుమని నొక్కింది.

"ఇది బాగుంది" అంది తెర చూసుకుంటూ. అంటే ఏమిటో అడగబోతుంటే కెమెరా సంచీలో పెట్టేసింది. "హాల్లో గోడ చిన్నదండీ. మీ ఇద్దర్లో ఒకరిదే పెడతాను. ఏదో చూసి చెప్తా."

చెప్పలేదు. కానీ 'ఇది బాగుంది' అన్న మాట నాలో ఈగలా తిరుగుతూనే ఉంది. అన్నని తీసినప్పుడు ఆ మాట అనలేదు. నేను విన్నానుగా, పక్కనే ఉన్నానుగా. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను.

"నాదే పెడుతుంది చూడు."

"పెడితే పెట్టనివ్వండి. దానికి గిన్నె పక్కన పెట్టి అన్నం చల్లార్చుకోవడమెందుకు?"

"ఇద్దర్లోంచి ఏరడం వేరు. నీకు తెలీదు."

"నేను ఏరలేదా? ఇద్దరూ పెళ్లిచూపులకి వచ్చారు."

"మీ నాన్న ఏరాడు. అదీ అన్నకి ముందే సంబంధం కుదిరిపోయిందని."

"అయితే నాన్ననే కాపురానికి పంపాల్సింది" అని గిన్నె నా ముందుకి జరిపింది.

సెలవు రోజు అందరం టౌన్‌హాల్‌కి వెళ్లాం. అన్న, వదిన, నేను, మా ఆవిడ. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను గానీ, నాది వాడికి కనబడకుండా ఇంట్లోంచి ఆలస్యంగా బయల్దేరాను.

లోపల అన్నీ మనకి తెలిసిన మొహాలే. చెప్పులు కుట్టే ముసలాయన, చుట్టూ ఒంటి చెప్పులు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే మనిషి, వెనకాల వేలాడుతున్న పక్కటెముకలు. లిఫ్టు నడిపే ఆయన లిఫ్టులోనే, స్టూలు మీద, బడి మాన్పించిన పిల్లాడిలా. ఒక్కొక్కటి కిటికీ తలుపంత ఉంది. వాళ్లని రోజూ చూస్తాం కానీ అంతసేపు నిలబడి ఎప్పుడూ చూడలేదు.

మూల తిరగగానే మాది.

"అదిగో, నేనే!" అన్నాడు అన్న.

నేను చూశాను. నిజంగానే వాడే. ఎడమవైపు కుర్చీ వెనకాల నిలబడ్డాడు, తెల్లకోటు, కుర్చీ మీద తువ్వాలు. పాపిడి వాడిదే, నేను రోజూ అద్దంలో చూసే అన్న పాపిడే. కుడివైపున నా కుర్చీ ఖాళీగా ఉంది. అంత పెద్ద ఫొటోలో నా వాటాకి ఖాళీ కుర్చీ వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో 'క్షురకుడు' అని ఉంది.

"క్షురకుడంటే ఎవడ్రా?" అన్నాడు అన్న, నవ్వు ఆపుకోలేక.

"నువ్వే" అన్నాను. నోట్లో పటికముక్క పెట్టుకున్నట్టయింది.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. వాడు కత్తెర పైకెత్తాడు కదా, ఫొటోలో కత్తెర లేదు. ఆ అమ్మాయి రెండోది కూడా తీసి ఉంటుంది, దింపమని చెప్పి ఉంటుంది, నేను గమనించి ఉండను. అన్నకి అది గుర్తే లేదు. మొహం మీదనుంచి కళ్లు తీస్తేగా.

అప్పుడు మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. "ఎంత బాగున్నారండీ! కోపంగా ఉన్నారు గానీ బాగున్నారు."

"ఎవరు?"

"మీరే."

"కళ్లు కనబడట్లేదా? అది అన్న."

"బావగారా? భలేవారే. మీ మొహం నాకు తెలీదా? రోజూ తిడుతూనే ఉన్నాగా."

నాకు ఒళ్లు మండింది. ఓదార్చాలంటే ఇంకో పద్ధతి లేదా? పుండు మీద కారం చల్లి, అది పంచదార అంటే ఎలా? అరవబోతుంటే పక్కనుంచి వదిన నెమ్మదిగా అంది, "మరిదే కదా. మా ఆయన చూపు అలా ఉండదు."

"ఏమే, నా మొహం నాకు తెలీదా?" అన్నాడు అన్న.

"మీకు తెలిస్తే ఇన్నేళ్లు నన్నెందుకు చూడమంటారు?" అంది వదిన. ఇంతకుముందెప్పుడూ ఆవిడ నా వైపు మాట్లాడి ఎరగదు. నాకు సంతోషించాలో, ఈ ఇద్దరాడవాళ్లూ కలిసి ఏదో ఆట ఆడుతున్నారనుకోవాలో తెలియలేదు.

తీసిన మనిషిని అడిగితే పోతుంది కదా. ఆ అమ్మాయి చుట్టూ జనం. సందు చేసుకుని వెళ్లాను.

"అమ్మా, ఆ సెలూన్ ఫొటోలో ఎవరు?"

నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది. "మీరే కదండీ!" అని నవ్వింది.

నా గుండె ఎగిరి నోట్లోకొచ్చింది. అదే గుండెతో వెనక్కి వచ్చి అన్నకి చెప్పాను. "ఆ అమ్మాయినే అడిగా. నేనేనట."

అన్న విచిత్రంగా చూశాడు. "నేనూ ఇందాకే అడిగా. 'మీరే కదండీ' అంది."

ఇద్దరం మళ్లీ కలిసి వెళ్దామనుకునే లోపల ఆ అమ్మాయిని ఎవరో ఉపన్యాసానికి లాక్కెళ్లారు. ఎగిరిన గుండె వచ్చిన దారినే దిగిపోయింది. తీసినమ్మాయికే తెలియదు. ఇంక ఎవరికి తెలుస్తుంది?

మర్నాటినుంచి కొట్లో కోర్టు మొదలైంది. ఫొటో చూసొచ్చిన ప్రతి గిరాకీ తలుపు దగ్గరే అరిచేవాడు.

"ఎడమ కుర్చీ! గోడెక్కావుగా!"

"అచ్చు నువ్వేనయ్యా, పాపిడితో సహా!"

ఒక్కడంటే ఒక్కడు నాది అనలేదు. అన్న అందరికీ టీ చెప్పించాడు. బల్ల మీద జనం ఖాళీ కుర్చీ ఉన్నా వాడి కోసమే ఆగడం మొదలుపెట్టారు. ఒకడైతే నా కుర్చీలో కూర్చుని, నేను గుడ్డ కప్పుతుంటే, "ఫొటో ఉన్నది ఆయనది కదూ? సరే, పర్లేదులే" అన్నాడు. వాడికి మెడ వెనకాల కాస్త ఎక్కువే తీశాను.

ప్లీడరు గుమాస్తా తీర్పు కూడా చెప్పేశాడు. "ముంజేతి కంకణానికి అద్దమెందుకయ్యా? ఫొటోలో ఉన్నది ఎడమ కుర్చీ. ఎడమ కుర్చీ ఎవరిది? కేసు కొట్టేశారు."

"మా ఇంట్లో ఆడవాళ్లిద్దరూ నేనంటున్నారు" అన్నాను అద్దంలోంచి.

"భార్య సాక్ష్యం చెల్లదు."

"వదిన కూడా అంది."

గుమాస్తా కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఆవిడ మొగుడి మీద కోపంతో చెప్పి ఉంటుంది. అది శత్రుసాక్ష్యం."

అందరూ నవ్వారు. గడ్డాలన్నీ ఒక పార్టీ, ఆడవాళ్లిద్దరూ ఒక పార్టీ. నేను ఏ పార్టీయో నాకే తెలియదు. నా కళ్లు గడ్డాల పార్టీలో ఉన్నాయి. నా కడుపు మాత్రం 'ఇది బాగుంది' అన్న మాటని వదలడం లేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ అద్దంలో చూసుకునేవాణ్ణి. పాపిడి ఇటుంది. ఫొటోలో అటుంది. చూస్తూ చూస్తూ నోట్లో నురగతోనే మా ఆవిణ్ణి పిలిచేవాణ్ణి.

"నిజం చెప్పు. అది నేనేనా?"

"మీరే."

"ఎలా చెప్పగలవు?"

"ఎలా చెప్పగలనంటే ఏం చెప్పను? ఉప్పు ఉప్పగా ఉందని ఎలా చెప్తాం? ముందు ఆ నురగ ఉమ్మండి."

ఒకరోజు పనిలో ఉండగా నాకో అనుమానం వచ్చింది. అసలు ఆ రోజు నేను అన్న కుర్చీ దగ్గర నిలబడ్డానా? టీకి వెళ్లింది నిజంగా వాడేనా? నేను చేసిన పని నాకే గుర్తులేకపోతే ఇంక ఎవణ్ణి పట్టుకోను? చేతిలో కత్తి పెట్టుకుని ఇలాంటివి ఆలోచించకూడదని, ఎదుటివాడి గొంతు చూసి ఆపేశాను.

టౌన్‌హాల్లో ఫొటోలు దింపేశాక, ఎవరిది వాళ్లకి ఇచ్చేస్తాం వచ్చి పట్టుకెళ్లమని కబురొచ్చింది. అన్న కొట్టు నాకు వదిలేసి, చొక్కా మార్చుకుని మరీ వెళ్లాడు. నేను బస్సు కండక్టర్‌కి గడ్డం గీస్తున్నాను. బల్ల మీద గుమాస్తా పేపరు చూస్తున్నాడు. కండక్టర్‌కి ఒక చెంప అయింది, రెండో చెంప నిండా నురగ.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అన్న ఆ ఫొటోని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, బొమ్మ ఇటువైపు ఉండేట్టు పట్టుకుని, నెమ్మదిగా మా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నేను అద్దంలోకి చూశాను.

కత్తి ఆగిపోయింది.

అద్దంలో నేనున్నాను. రెండుసార్లు. ఒకటి కత్తి పట్టుకుని. ఇంకొకటి వెనకాల, అన్న గుండెల మీద, కుడివైపు కుర్చీ దగ్గర, నా పాపిడితో, నేను రోజూ పొద్దున్నే నురగతో చూసుకునే మొహంతో.

"ఇదేంటి, ఇది నువ్వు కదా!" అన్నాడు కండక్టర్ అద్దంలోకే చూస్తూ. నురగ పెదాల మీదకి జారింది. "ఇది కుడి కుర్చీయే కదా! మరి అక్కడ ఎడమ కుర్చీలా ఎందుకుంది?"

గుమాస్తా పేపరు పడేసి లేచాడు. అద్దంలో బొమ్మని చూశాడు. తల తిప్పి అసలు బొమ్మని చూశాడు. మళ్లీ అద్దం. మళ్లీ బొమ్మ. బస్సెక్కాలా వద్దా అన్నవాడిలా అలా తిప్పాడు చాలాసేపు.

"ఒరి నాయనో" అన్నాడు చివరికి. "అద్దం కుడిని ఎడమ చేస్తుందయ్యా! మనం మీ ఇద్దరినీ ఎప్పుడూ అద్దంలోనే చూశాం. అందుకని తిరగేసిన మొహాలే మనకి అసలు మొహాలు. ఆ పిల్ల అద్దం వైపునుంచి సూటిగా తీసింది. సూటిగా ఉన్న కుడి కుర్చీ, మనకి తిరగేసిన ఎడమ కుర్చీ."

"మళ్లీ చెప్పండి" అన్నాడు కండక్టర్.

"మళ్లీ చెప్తే నాకే అర్థం కాదు. ఫొటోలో ఉన్నది చిన్నోడు. అంతే. పాత తీర్పు రద్దు."

మరి ఆడవాళ్లు ఎందుకు గుర్తుపట్టారో అప్పుడు వెలిగింది. వాళ్లు మా కుర్చీల్లో కూర్చోరు. అన్నం పెట్టేటప్పుడు అద్దం అడ్డం లేదు.

నేనే. ఆ అమ్మాయి ఏరింది నన్నే. ఎన్నాళ్లనుంచి ఈ మాట కోసం నోరు తెరుచుకుని ఉన్నానో, అది వచ్చి నోట్లో పడేసరికి ఎలా నమలాలో తెలియలేదు. ఎందుకంటే ఆ వెంటనే రెండో మాట వచ్చి పడింది. ఆ అమ్మాయికి నేనెవరో తెలియదుగా. 'మీరే కదండీ' అని ఇద్దరికీ అందిగా. ఫొటోని ఏరింది. ఆ ఫొటోలో నేను పడ్డాను. దాన్ని ఏరడం అంటారా?

అద్దంలో అన్న వైపు చూశాను. వాడు ఫొటోని ఇంకా అలాగే పట్టుకున్నాడు. మొహం కనబడటం లేదు, ఫ్రేము అంచు వెనక్కి దించుకున్నాడు. పాపిడి మాత్రం కనబడుతోంది. ఇన్నాళ్లు టీలు చెప్పించినవాడు. 'నేనే' అని హాలంతా వినబడేట్టు అరిచినవాడు. ఒక్క మాట అందామని నాలిక చివర సిద్ధం చేసుకుని, కత్తి పక్కన పెట్టి, వెనక్కి తిరిగాను.

కొట్లో అలా తిరిగి వాడిని ఎదురుగా చూడటం ఎప్పుడు జరిగిందో గుర్తులేదు. వాడు తలెత్తాడు.

అది అన్న మొహం కాదు. పాపిడి ఆ పక్కనుంది. నేను రోజూ పొద్దున్నే చూసుకునే నా మొహమే. అద్దం లేకుండా, నడిరోడ్డు వెనకాల పెట్టుకుని, నా ఎదురుగా నిలబడి చిన్నబోయింది. అందరూ 'పర్లేదులే' అన్నప్పుడు నేనెలా ఉంటానో అలా ఉంది. కింది పెదవి కొంచెం లోపలికి లాక్కుని. ఆ పెదవి లాక్కోవడం నాకొక్కడికే ఉందనుకున్నాను.

సిద్ధం చేసుకున్న మాట ఎటు పోయిందో.

"నీది ఏమైంది మరి?" అన్నాను. "కత్తెర ఎత్తింది."

"ఇవ్వలేదు. గోడ మీద పెట్టినవే ఇస్తారట." ఫొటోని బల్లకి ఆనించి, "నేను నిజంగానే నేననుకున్నాన్రా" అన్నాడు. "అద్దంలో నన్ను నేను చూసుకున్నట్టే ఉంది. ఒట్టు."

"నాకూ నువ్వనే అనిపించింది."

"మరి ఇంతమంది నాకు చెప్పారుగా. ఇప్పుడు వాళ్లందరికీ ఏం చెప్పను?"

"ఏం చెప్పొద్దు. మళ్లీ టీలు చెప్పించు."

"అయ్యా, మీ అన్నదమ్ముల సంగతి తర్వాత" అన్నాడు కండక్టర్ వెనకనుంచి. "నా సగం గడ్డం ఎండిపోతోంది. ఇలా బస్సెక్కితే నన్నూ ఇద్దరనుకుంటారు."

ఇక ఫొటో ఎక్కడ పెట్టాలన్నది వచ్చింది. మాది కాబట్టి దానికీ తగువే. అద్దం పైన పెడితే కూర్చున్నవాళ్లు దాన్ని సూటిగా చూస్తారు, వాళ్ల కళ్లకి అది అన్న. తలుపు పక్కన గోడకి పెడితే అద్దంలో చూస్తారు, అప్పుడు నేను. అన్న మేకు తెచ్చాడు, సుత్తి తెచ్చాడు, రెండు గోడల మధ్య నిలబడ్డాడు. నేను అడగలేదు. ఈసారి నోరు మూసుకుని చూద్దామనుకున్నాను. వాడు చాలాసేపు నిలబడి, తలుపు పక్కన గోడకే మేకు కొట్టాడు.

నేను తువ్వాలుతో ఫ్రేము తుడవడం మొదలుపెట్టాను. ఆ సంతోషం ఎక్కువసేపు ఉండనివ్వలేదు వాడు.

"కూర్చున్నంతసేపూ నువ్వే కనబడతావు" అన్నాడు సుత్తి దించి. "లేచి వెళ్లేటప్పుడు సూటిగా కనబడేది నేను. వెళ్లేటప్పుడు చూసిందే మనిషికి గుర్తుంటుంది."

చూశారా? ఇదీ రెండేళ్లు ఎక్కువ చదివినవాడి సంగతి.

మధ్యాహ్నం మా ఆవిడ క్యారియర్ పట్టుకుని వచ్చింది. మామూలుగా తలుపు దగ్గరే ఇచ్చి వెళ్లిపోతుంది. ఆ రోజు కొట్లో గిరాకీలు లేరు, ఫొటో వచ్చిందని చెప్పి లోపలికి రమ్మన్నాను. నా కుర్చీలో కూర్చోమన్నాను. ఇన్నేళ్లలో ఆవిడ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక క్యారియర్ ఒళ్లో పెట్టుకుంది. నేను వెనకాల నిలబడ్డాను.

"అద్దంలో చూడు. గోడ మీద."

చూసింది. కళ్లు చిట్లించింది.

"బావగారి ఫొటో కూడా ఇచ్చారా?" అంది. "మీదేదీ?"

పక్క కుర్చీలో కునుకు తీస్తున్న అన్న చప్పున కళ్లు తెరిచాడు.

"అది నేనే" అన్నాను.

"కాదండీ. నాకు తెలీదా? అది బావగారు." అద్దంలో నన్ను కూడా అనుమానంగా చూసింది. "మీరేంటి, ఇక్కడ ఇలా ఉన్నారు? పాపిడి మార్చారా?"

అందరికన్నా ముందు నన్ను గుర్తుపట్టింది ఈవిడే అనుకుని, పొద్దుటినుంచీ లోలోపల పొంగిపోతున్నాను. గుమాస్తా చెప్పినట్టు చెబుదామంటే కుడి ఎక్కడ మొదలై ఎడమ ఎక్కడ ఆగుతుందో మర్చిపోయాను. కుర్చీ కింద మీట తొక్కాను. కుర్చీని పట్టుకుని, ఆవిడతో, క్యారియర్‌తో సహా, నెమ్మదిగా నా వైపు తిప్పాను.

"ఇప్పుడు?"

ఆవిడ ముందు నా మొహం చూసింది. తర్వాత నా భుజం మీదుగా గోడ మీది ఫొటో చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఇప్పుడు మీరే" అంది. "మళ్లీ తిప్పకండి. పులుసు ఒలుకుతుంది."